బాలల గ్రంథాలయపు సంచి : యానాము వస్త్రచరిత్రమున ఒక చిన్న ప్రకరణము

గౌతమీ గోదావరి సముద్రమును చేరుటకు ముందు, కోరింగ పాయ దానినుండి విడివడు చోట యానాము ఉన్నది. చరిత్ర గ్రంథములలో ఈ పట్టణము పేరు వచ్చినప్పుడెల్ల ఫ్రెంచివారి ప్రసంగమును, బట్టల ప్రసంగమును వెంట వచ్చును. 1723లో ఫ్రెంచివారు ఇచట వర్తకస్థానము నెలకొల్పిరి. లాభము చాలక 1727లో విడిచిపోయిరి. 1731లో మరల వచ్చిరి. వారిని మరల రప్పించినది పరిసర గ్రామముల మగ్గములమీది బట్టయే. అది కట్టలుగా కట్టబడి, కొలువబడి, ధర కట్టబడి, ఓడ నెక్కినది. కనుక దాని చరిత్ర వ్రాయుట కొంత సులభము.

ఓడ నెక్కని బట్ట సంగతి వేరు. ఇంటిలో మిగిలిన మూరెడు ముక్కను తల్లియో, అమ్మమ్మయో మడిచి, రెండు ప్రక్కల కుట్టి, పైన బొందె దూర్చి, పుస్తకము పెట్టుకొమ్మని పిల్లవాని చేతికిచ్చిన సంచి ఏ కుంఫిణీ లెక్కలోను చేరునది కాదు. అట్టి సంచులలో ఒక రకము, అనగా పసిపిల్లలు గ్రంథాలయమునుండి పుస్తకమును ఇంటికి తెచ్చుకొని మరల అప్పగించుటకై ఇంట కుట్టిన సంచి, ఈ వ్యాసమునకు విషయము. ఇది బడిసంచి కాదు. బడిసంచిలో పిల్లవాని సొంత పుస్తకములు, పలక, అన్నపు డబ్బా ఉండును. గ్రంథాలయపు సంచిలో ఉండునది ఒకటో రెండో పుస్తకములు. అవియు తనవి కావు. పరుల సొత్తును, అందులోను పదిమంది సొత్తును, అయిదారేండ్ల బిడ్డచేతిలో పెట్టి ఇంటికి పంపుటకు పెద్దలు ఎన్నడు ఒప్పుకొనిరి, ఎట్లు ఒప్పుకొనిరి అనునదే దీనిలోని అసలు ప్రశ్న. వస్త్రమునకు ప్రసిద్ధి కెక్కిన యానాము దీనిని విచారించుటకు తగిన చోటు. ఏలయన బట్టకును, పుస్తకమునకును, సరిహద్దుకును గల సంబంధము ఇంత చిన్న నేలమీద ఇంత స్పష్టముగ కానవచ్చు తావులు తక్కువ.

మొదట బట్ట మాట. యానామును ఆనుకొనియున్న నీలపల్లిలోను, దాపుననున్న ఇంజరములోను ఆంగ్లేయులకు వర్తకస్థానము లుండెను. ఒకే ఊరి సాలెవారి ముంగిట రెండు కుంఫిణీల దళారులు కూర్చుండిన రోజులవి. బట్ట నాణెమును పుంజములతో లెక్కించెడివారు. పుంజమనగా 120 పడుగు పోగులు. ఎన్ని పుంజములైన అంత సన్నని నేత. అంత హెచ్చు ధర. నరసాపురము చెంతనున్న మాధవాయపాలెము పేరు యూరపువారి నోట ‘మాదపోలం’ అయి, ఒక తెల్లని నూలుబట్టకు పేరై, నేటికిని ఫ్రెంచి నిఘంటువులలో నిలిచియున్నది. కోరమండలపు నీలి ‘గినీ’ బట్ట పుదుచ్చేరి మీదుగా ఆఫ్రికాలోని సెనెగల్ తీరమునకు పోయి, అచట తుమ్మబంకకు మారకమయ్యెను. తెలుగునాట నేసిన గుడ్డ ఎన్ని సముద్రములు దాటినదో చెప్పుటకు ఈ రెండు ఉదాహరణములు చాలును.

ఈ వైభవము నిలువలేదు. ఆంగ్లేయులకును ఫ్రెంచివారికిని యుద్ధము వచ్చినప్పుడెల్ల యానాము చేతులు మారినది. 1814 నాటి పారిస్ సంధివలన మరల ఫ్రెంచివారి పాలయ్యెను గాని, అప్పటికి ఇంగ్లండు మరబట్ట రాక మొదలైనది. మగ్గములు తగ్గినవి. 1828 మొదలు కొన్ని యేండ్లలో యానామునుండి ఓడ నెక్కినవారు బట్టల వర్తకులు కారు. బుర్బోన్ ద్వీపమునకు, అనగా నేటి రియూనియనుకు, చెరకుతోటల పనికి పోయిన కూలివారు. అదే దశాబ్దములలో కోరింగ రేవునుండి మారిషసుకు పోయిన తెలుగువారికి ఆ రేవు పేరే వాడుక పేరైనది. వారు వెంట గొనిపోయినది బట్టలో కట్టిన మూట. మూటకు కుట్టు లేదు. నాలుగు కొనలు కలిపి ముడి వేసిన చాలును. సంచి దానికి తరువాతి మెట్టు.

ఇక పుస్తకము మాట. బట్ట పుస్తకమును మోయుటకు ముందు, బట్టయే పుస్తకముగా నుండిన కాలము కలదు. దానికి తెలుగున ‘కడితము’ అని పేరు. బళ్ళారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ 1823లో ఆ జిల్లాలోని దేశీయ పాఠశాలలను గూర్చి ప్రభుత్వమునకు ఒక నివేదిక పంపెను. ఆయన తెలుగునకు వ్యాకరణము వ్రాసి 1816లో ప్రకటించిన పండితుడు. చూచినదానిని వివరముగ వ్రాసినాడు. పిల్లలు మొదట ఇసుకలో వ్రేలితో దిద్దుదురనియు, పిదప రెండు సాధనములు వాడుదురనియు ఆయన తెలిపెను. ఒకటి నున్నగా చిత్రిక పట్టి, అన్నమును బొగ్గుపొడియు పూసిన కొయ్యపలక. రెండవది గంజి పెట్టి బిరుసెక్కించి, పుస్తకమువలె మడతలు పెట్టి, బొగ్గును బంకలను కలిపి పూసిన గుడ్డ. దానిమీద బలపముతో వ్రాసి, తడిగుడ్డతో తుడిచి, మరల వ్రాయుదురు. వర్తకులు, కరణములు లెక్కలు వ్రాసికొన్న కడితములును ఈ జాతివే. అనగా ఆనాటి తెలుగు బాలుడు గుడ్డమీద వ్రాసి గుడ్డతోనే తుడిచెను. ఆ గుడ్డను ఒక సంచిలో పెట్టవలసిన పని యతనికి లేదు; చుట్టి చంకలో పెట్టుకొన్న సరిపోయెడిది.

పెద్దల పుస్తకములు తాటాకువి. అటునిటు పలకలు పెట్టి, రంధ్రములలో త్రాడు పోనిచ్చి బిగించి, పైన గుడ్డ చుట్టి అటకమీదనో పెట్టెలోనో పెట్టెడివారు. ఆ చుట్టుడుగుడ్డ అలంకారమునకు కాదు. సముద్రపు గాలి, వానతేమ, పురుగు, ఎలుక, పొయ్యి పొగ, వీనిలో ఏదైనను గ్రంథమును తినివేయగలదు. ఆకులకు నూనె రాచుట, పసుపు రాచుట, గుడ్డ గట్టిగా చుట్టుట, ఏడాది కొకమారైనను విప్పి చూచుకొనుట, ఇవి గ్రంథరక్షణమునకు గృహస్థు లెరిగిన ఉపాయములు. ఇట్టి కట్టల విలువ యెట్టిదో యానామునకు సంబంధించిన ఒక మహాకవి జీవితమున కానవచ్చును. తిరుపతి వేంకటకవులలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి 1870లో కడియమున జన్మించి, బాల్యము యానామున గడిపి అచటనే చదువుకొనెను. ఆయన పూర్వులలో నరసకవి యను పండితుడు చేర్చియుంచిన తాళపత్ర గ్రంథములు ఆ కుటుంబమున నిలిచి, ఈయన విద్యకు అక్కరకు వచ్చెను. పెద్దలు భద్రముగ కట్టియుంచిన గుడ్డను బాలుడొకడు విప్పి చదువుకొన్నందున తెలుగు సాహిత్యమునకు కలిగిన లాభము వేరుగ చెప్పనక్కరలేదు.

అయితే ఇచట ఒక భేదము గమనింపదగును. ఆ చుట్టుడుగుడ్డ పుస్తకమును ఇంటిలో నిలుపుటకు ఏర్పడినది. బయటికి పంపుటకు కాదు. గ్రంథము ఒక కుటుంబపు ధనము. అరువిచ్చుట అరుదు, ఇచ్చినను సాటి పండితునకే గాని పసివానికి కాదు. సి. పి. బ్రౌను తెలుగు వ్రాతప్రతులను ప్రోగుచేసి, పండితులచేత పాఠములు సరిచూపించి, కాగితములమీద ఎత్తి వ్రాయించి, యూరపు పద్ధతిని అట్టలు కట్టించినప్పుడు గ్రంథరూపమే మారెను. అట్ట కట్టిన పుస్తకము నిలువుగా నిలుచును. బీరువాలో వరుసగా ఉండును. ఒకదానిని తీసినచో రెండవది కదలదు. 1832లో పుదూరు చదలవాడ సీతారామశాస్త్రి బాలశిక్ష అచ్చైన పిదప పిల్లవానికిని అచ్చు పుస్తక మొకటి ఏర్పడెను. తాటాకును చుట్టిన గుడ్డ ఈ చదరపు పుస్తకమునకు కుదరదు. దానికి కావలసినది అడుగును, ప్రక్కలును, నోరును గల సంచి. సంచికి కుట్టు కావలెను.

కుట్టును గూర్చి చరిత్రకారులు వ్రాసినది తక్కువ. తెలుగువారి పూర్వపు వేషమున పంచె, చీర, ఉత్తరీయము ముఖ్యములు; ఇవి మగ్గమునుండి దిగినవి దిగినట్లే కట్టుకొనునవి. అందువలన ఇంటిలో కుట్టుపని లేదనుకొనుట మాత్రము పొరపాటు. బొంతకుట్టు ఉండెను. పాత చీరలను, పంచెలను పొరలు పొరలుగా పరచి, నాలుగంచుల వెంబడి చుట్టి వచ్చి, నడుమ వరుసలు వరుసలుగా సూది పోనిచ్చి కుట్టిన బొంత ప్రతి పేద ఇంటిలోను పిల్లలకు పడక. దిండు గలీబు కుట్టెడివారు. వక్కాకు సంచి, డబ్బుసంచి, యాత్రకు పోవువారి జోలె, ఇవన్నియు ఇంటి సూదితోనే అయినవి. గలీబు కుట్టగలిగిన చేయి గ్రంథాలయపు సంచిని కుట్టగలదు. నోటియొద్ద బొందె దూర్చుటకు మడత వేయుట ఒక్కటే హెచ్చు పని. ఆ మడతయు లంగాలు కుట్టువారికి తెలిసినదే.

పిదప మిషను వచ్చినది. 19వ శతాబ్ది చివరిభాగమున సింగరు కుట్టుమిషను భారతదేశమున అమ్మకమునకు వచ్చెను. 1930లలో కలకత్తాలో ఉష మిషనులు తయారగుట మొదలయ్యెను. దర్జీ దుకాణములయందేకాక, కలిగిన ఇండ్ల వసారాలలోను మిషను చేరెను. దీనివలన రెండు లాభములు కలిగినవి. కుట్టు గట్టిపడెను; దర్జీ కత్తిరింపులలో మిగిలిన ముక్కలు అడిగినవారికి దొరికెను. చొక్కాగుడ్డ ముక్క ఒకవైపు, లాగుగుడ్డ ముక్క ఒకవైపు వేసి కుట్టిన రెండు రంగుల సంచులు ఈ ముక్కల సంతానమే.

ఇచట ఒక చిన్న ముచ్చట చెప్పుట అప్రస్తుతము కాదు. సంచి లోపల గుడ్డ కొసలు పోగులూడి పుస్తకపు పుటలలో చిక్కుకొనకుండ ఒక కుట్టు కలదు. మొదట గుడ్డను మంచివైపు పైకి ఉండునట్లు కలిపి అంచున సన్నగా కుట్టి, తిరుగవేసి, ఆ కొసలు లోపల మూతపడునట్లు మరల కుట్టవలెను. రెండు కుట్లు పడును. కొస ఎచటను కానరాదు. దీనిని ఇంగ్లీషువారు ‘ఫ్రెంచి కుట్టు’ అందురు. ఫ్రెంచివారు ‘ఇంగ్లీషు కుట్టు’ అందురు! నీలపల్లిలో ఒకరు, యానాములో ఒకరు కూర్చుండి ఒకే బట్టకు పోటీపడిన ఈ రెండు జాతులును, ఈ కుట్టు విషయమున మాత్రము గౌరవమును ఎదుటివారికే వదలిరి.

ఇంటి కుట్టుపని లెక్కకు రాకపోవుట గోదావరి మండలమున క్రొత్త సంగతి కాదు. నరసాపురము, పాలకొల్లు ప్రాంతముల స్త్రీలు 19వ శతాబ్దిలో మిషనరీ స్త్రీలవలన నేర్చిన లేసు అల్లిక విదేశములకు ఎగుమతి యయ్యెను. జర్మను సమాజశాస్త్రజ్ఞురాలు మరియా మీస్ ఆ ఊళ్లలో పరిశోధన జరిపి 1982లో ప్రకటించిన గ్రంథమున ఒక సత్యమును బయటపెట్టెను. గంటల తరబడి అల్లి, ప్రపంచపు విపణికి సరకు నందించు ఆ స్త్రీలను ఊరివారును, వర్తకులును పనివారుగా ఎంచలేదు. తీరిక వేళ పొద్దుపుచ్చు గృహిణులుగానే ఎంచిరి. కూలి ముట్టిన పనికే ఈ గతి పట్టినప్పుడు, కూలి లేక బిడ్డకు కుట్టిన సంచిని ఎవరు లెక్కించెదరు? పుస్తకములు ఎన్ని, పాఠకులు ఎందరు అని గ్రంథాలయములు ఏటేట లెక్క వ్రాయును. ఆ పుస్తకములను ఇంటికి చేర్చిన సంచులకు పట్టిక లేదు.

గ్రంథాలయముల చరిత్ర తెలుగు చదువరులకు చాలవరకు తెలిసినదే కనుక ఇచట సంగ్రహముగ చెప్పిన చాలును. రాజమహేంద్రవరమున నాళము కృష్ణారావు ఇంకను విద్యార్థి వయసున నుండగనే 1898లో వసురాయ గ్రంథాలయమును స్థాపించెను. నేటి గౌతమీ గ్రంథాలయమునకు అది మూలములలో ఒకటి. 1914 ఏప్రిలు 10వ తేదీన బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడెను. అయ్యంకి వేంకటరమణయ్య దానికి ప్రాణమై పనిచేసెను. 1935లో పాతూరి నాగభూషణము ఆధ్వర్యమున కృష్ణా కాలువలలో పడవ గ్రంథాలయము నడచెను. పడవ ఊరి రేవుకు రాగా జనులు పుస్తకములు తీసికొని, మరల పడవ వచ్చు దినమున తిరిగి యిచ్చెడివారు. కాలువగట్టున చేతినుండి చేతికి పుస్తకము మారుచోట దానిపై ఒక గుడ్డ ఆచ్ఛాదన ఎంత అవసరమో ఊహించుకొనవచ్చును.

1948లో మద్రాసు రాష్ట్రము పౌర గ్రంథాలయముల చట్టము చేసెను. భారతదేశ రాష్ట్రములలో అట్టి చట్టము అదియే మొదటిది. ఇంటిపన్నుమీద గ్రంథాలయ సెస్సు వేసి, ఆ సొమ్ముతో జిల్లా గ్రంథాలయ సంస్థలు శాఖలు పెట్టుట దాని ముఖ్యాంశము. ఈ చట్టపు పటమున యానాము ఒక రంధ్రము. నలుదెసల నాటి తూర్పు గోదావరి జిల్లా. ఒకే భాష, ఒకే నది, చుట్టరికములును ఒకటే. కాని సెస్సు ఫ్రెంచి సరిహద్దుకడ ఆగిపోయెను. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వమున యానాము విమోచనము జరిగెను. ఆ సంవత్సరము నవంబరు 1న పాలన భారతదేశమునకు వచ్చెను. 1962 ఆగస్టు 16న న్యాయతః విలీనమయ్యెను. అప్పటికి 1960 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయముల చట్టము పొరుగూళ్లలో అమలులో నున్నది. యానాము పుదుచ్చేరితో చేరినందున ఆ చట్టమును దానికి వర్తింపలేదు. పుదుచ్చేరిలో 1827లో స్థాపితమై, 1966లో రొమే రోలా పేరు దాల్చిన పెద్ద గ్రంథాలయ మున్నది. యానామునకు దూరము ఎనిమిదివందల కిలోమీటర్లకు పైమాటే. బట్టకు అడ్డురాని సరిహద్దు పుస్తకమునకు అడ్డు వచ్చుట వింతయే. పూర్వము మంగళవారపు సంతకు బ్రిటిషు గ్రామములనుండి జనులు వచ్చి యానామున విదేశపు సరకులు కొనుక్కొనిపోయెడివారు. 1930లో శారదా చట్టము అమలునకు వచ్చినప్పుడు బాల్యవివాహములు చేయదలచినవారు ఇచటికి వచ్చి పెండ్లిండ్లు చేసికొనిపోయిరి. అందుచే దీనికి కల్యాణపురమని పరిహాస నామమును కలిగెను. చట్టము నుండి తప్పించుకొనుటకు పనికివచ్చిన సరిహద్దే, చట్టము చేయగల మేలును పిల్లలకు అందకుండ చేసెను. పెండ్లిపీటల మీదికి ఎక్కింపబడిన ఆ పసివారి వయసు, నేడు గ్రంథాలయపు సంచి తగిలించుకొను పిల్లల వయసునకు చాల దూరము కాదు.

పిల్లలకు పుస్తకములు వ్రాయుటయే మన దేశమున ఆలస్యముగ మొదలైనది. 1945లో ‘బాల’, 1947లో ‘చందమామ’ వెలువడెను. 1969లో నేషనల్ బుక్ ట్రస్టు నెహ్రూ బాల పుస్తకాలయము పేర పలు భారతీయ భాషలలో బొమ్మల పుస్తకములు వెలువరింప మొదలిడెను. వెల తక్కువ, కాగితము నున్నన, అట్ట పలుచన. పెద్దల పుస్తకమునకు గట్టి అట్టయే కవచము. పలుచని అట్టగల బొమ్మల పుస్తకమునకు సంచియే కవచము. పెద్దవారు పుస్తకమును చంకలో పెట్టుకొని పోవుదురు. పసివారు రెండు చేతుల ఎదకు హత్తుకొని పరుగెత్తుదురు, పడుదురు, దారిలో కుక్కపిల్ల కనబడిన పుస్తకమును నేలపై పెట్టి మరచిపోవుదురు. చేతులు ఖాళీగా నుంచి భుజమున వ్రేలాడు సంచి ఈ మూడింటికిని విరుగుడు.

గోదావరి నోటనున్న ఊరికి నీటి భయ మెప్పుడును కలదు. 1839 నవంబరు తుపాను కోరింగ రేవును రూపుమాపెను. 1986 ఆగస్టు గోదావరి వరద, 1996 నవంబరు 6 నాటి తుపాను, 2022 జూలై వరద, ఇవి ఇంకను జ్ఞాపకమున నున్నవి. ఇట్టి చోట సంచిని కుట్టువారు లోపల మైనపుగుడ్డయో, పాత గొడుగు గుడ్డయో అస్తరుగా వేయుట మేలు. అంతకంటె మేలైనది పాతకాలపు పద్ధతి: ఇంటికి రాగానే సంచిని చిలకకొయ్యకు తగిలించుట. నేలకు మూరెడు ఎత్తున వ్రేలాడు పుస్తకమునకు చెమ్మయు, చెదయు, పాకుచు వచ్చు చంటిబిడ్డయు అందవు. తాటాకు కట్టను అటకమీద పెట్టిన బుద్ధియే ఇది.

సంచి కొలతలు చెప్పుట చరిత్రవ్యాసమునకు తగదని కొంద రనవచ్చును. కాని కొలతయే వస్తువు చరిత్ర. పుంజములు లేక యానాము బట్ట చరిత్ర లేనట్లే. పైన పేర్కొన్న బొమ్మల పుస్తకములు రమారమి 7 అంగుళముల వెడల్పు, 9 లేక 10 అంగుళముల పొడవు ఉండును. జానెడు బెత్తెడు, అనగా 12 అంగుళముల వెడల్పును, 14 అంగుళముల లోతును గల సంచిలో ఇట్టివి రెండు మూడు సుఖముగ ఇముడును. గుడ్డను 14 అంగుళముల వెడల్పునకు, గజమునకు కొంచెము తక్కువ పొడవునకు కత్తిరించి నడిమికి మడిచిన అడుగున కుట్టు లేకయే సంచి యగును. బరువంతయు అడుగునే పడును గనుక అది మంచి ఉపాయము. పై అంచున అంగుళము మడత వేసి బొందె దూర్చవలెను. పట్టీని పెద్దల భుజమునకు కాక బిడ్డ భుజమునకు కొలువవలెను. సంచి అడుగు మోకాలి క్రిందికి దిగరాదు. మెడచుట్టు పడు పొడుగుపట్టీ పసివారికి అపాయము కనుక, మూడు నాలుగేండ్ల వారికి రెండు పొట్టి చేతిపట్టీలే తగును. గుడ్డ ముతకదైన మేలు. వంద పుంజముల నేత ఉన్నను ఇచట దానికి పని లేదు. పడకదుప్పటి, ముతక ఖద్దరు, తెరగుడ్డ, తండ్రి పాతలాగు, ఇవియే శ్రేష్ఠములు.

పేరు విషయము మరియొకటి. అక్షరములు రాని బిడ్డకు సంచిమీద పేరు కుట్టినను లాభము లేదు. ముప్పది సంచులు ఒకే మేకుల వరుసకు తగిలించిన చోట తనదేదో తాను గుర్తింపవలెను. అందుచే చేపయో, పడవయో, చిలుకయో గొలుసుకుట్టుతో కుట్టుదురు; లేక వేరు రంగు గుడ్డముక్క అతికింతురు. అక్షరములు వచ్చిన పిదప దానిక్రింద పేరు చేరును. బిడ్డకు చదువ వచ్చిన మొదటి అక్షరములు గ్రంథాలయపు పుస్తకములోనివి కాక, దానిని మోసిన సంచిమీదివి యగుట కలదు.

బడిసంచి కథ దీనికి పూర్తిగ విరుద్ధము. రచయిత ఆర్. కె. నారాయణ్ రాజ్యసభ సభ్యుడుగా నున్నప్పుడు పసిపిల్లల వీపుమీది పుస్తకపు బరువును గూర్చి మొరపెట్టెను. పిదప ప్రొఫెసరు యశ్‌పాల్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1993లో ‘భారములేని విద్య’ అను భావముతో నివేదిక నిచ్చెను. 2020 నాటి జాతీయ విధానము బడిసంచి బరువు బిడ్డ బరువులో పదవవంతును మించరాదనినది. అదే సంవత్సరమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు ఇచ్చుట మొదలైన సామగ్రిలో సంచియు చేరెను. మిషనుమీద వేలకొలది ఒకే తీరున కుట్టినది. మంచిదే. కాని బడిసంచిలోని పుస్తకమును పిల్లవాడు ఎన్నుకొనలేదు. గ్రంథాలయపు సంచిలోని పుస్తకమును వాడే అరలోనుండి తీసెను. ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచసూత్రములలో ప్రతి పాఠకునకును తన పుస్తకమని ఒకటి కలదు. తాళము వేసిన బీరువాలకు బదులు చేయి పెట్టి తీసికొను తెరచిన అరలు కావలెనని ఆయన వాదించినది ఇందులకే. తెరచిన అరయందు అయిదేండ్ల పాఠకుడు తన పుస్తకమును కనుగొనిన పిదప, దానిని ఇంటికి చేర్చు మార్గము కూడ ఉండవలెను గదా.

ఆస్ట్రేలియా, న్యూజీలాండు పాఠశాలలలో ఈ మార్గము ఒక నియమముగ ఏర్పడినది. చిన్న తరగతులవారు వారమున ఒక దినము పాఠశాల గ్రంథాలయమునకు పోవుదురు. ఆ దినమున గుడ్డసంచి తేవలెనని తలిదండ్రులకు ముందుగనే చెప్పుదురు. పలు బడులలో సంచి తేని బిడ్డకు పుస్తకము ఇంటికి ఈయరు. గత మూడు దశాబ్దములలో అచటికి పెద్దసంఖ్యలో వలసపోయిన తెలుగు కుటుంబములకు ఇది క్రొత్త ఆచారము. అంగడిలో సంచులు దొరకును. అయినను పెట్టె అడుగున నున్న పాత నేతచీర ఒకటి కత్తెరకు లోబడుట కలదు. ఉప్పాడ చీరను కత్తిరించుటకు ఎవరికిని మనసొప్పదు. జరీ అంచు చెడిన సాదా నూలుచీరకే ఆ భాగ్యము. తూర్పుతీరపు బట్ట మరల ఓడల దారిని దాటినది. ఈసారి దానికి ధర కట్టినవారు లేరు.

సంచి ఒక బిడ్డతో తీరదు. అన్నకు మూడవ తరగతి వచ్చునప్పటికి పుస్తకములు పెద్దవగును. సంచి చెల్లెలికి దిగును. బొందె మార్చుదురు, పట్టీని రెండంగుళములు మడిచి కుట్టుదురు. చేప బొమ్మను అట్లే యుంచి, దానిక్రింది గొలుసుకుట్టు పేరును సూదిమొనతో ఒక్కొక్క కొక్కెముగ విప్పి, క్రొత్త పేరు కుట్టుదురు. పాత దారము పోయిన చోట గుడ్డలో సన్నని రంధ్రములు వరుసగ నిలిచిపోవును. నాలుగైదు ఉతుకులు పడువరకు వెలుతురున కెదురుగ పట్టిన ఆ రెండవ పేరును చదువవచ్చును.